మా వెబ్‌సైట్‌ను గూగుల్‌లోకి తెచ్చిన అక్కకి, తమ్ముడికి కృతజ్ఞతలు

కుట్టుమిషన్లు రిపేరు చేసే చిన్న వ్యాపారం మాది. వెబ్‌సైట్ పెట్టి చాలాకాలమైంది. అయినా గూగుల్‌లో మా పేరు ఉన్నదున్నట్టు కొట్టినా మేం వచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు వస్తున్నాం. మా పేరే తెలియనివాళ్లు "మిషన్ కింద దారం ముద్దకడుతోంది, ఏం చేయాలి" అని వెతికినా మా పేజీ పైవరసల్లోనే కనిపిస్తోంది. దీనికి కారణం ఇద్దరు. పేర్లు రాయడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు కాబట్టి నేను పిలిచినట్టే అక్క, తమ్ముడు అని రాస్తున్నాను. ఇద్దరూ మాకు బంధువులు కారు, ఇద్దరూ డబ్బు తీసుకోలేదు.

అక్క నాచేత చేయించిన పనులు కొన్నే. చేయకుండా ఆపినవే ఎక్కువ. ఈ కృతజ్ఞతల్లో పెద్ద వాటా వాటికే.

ఆవిడ కలిసేనాటికి నేనొక కంపెనీతో మాట్లాడుతున్నాను. మూడు నెలల్లో మొదటి పేజీలోకి తెస్తాం, గ్యారంటీ, వందలకొద్దీ సైట్ల నుంచి మీకు లింకులు పెట్టిస్తాం అంటున్నారు వాళ్లు. డబ్బు కట్టడమే తరువాయి. అక్క వాళ్ల గురించి ఏమీ అనలేదు. గూగుల్ సెర్చ్‌లో సైట్ అనే మాట, పక్కన కోలన్, దాని వెంటే మా వెబ్‌సైట్ అడ్రస్ కొట్టి చూపించారు. ఒక్క పేజీ కూడా రాలేదు. "నీది ర్యాంకు సమస్య కాదు. అసలు గూగుల్ పుస్తకంలో నీ పేరే ఎక్కలేదు" అన్నారు.

విషయం ఏంటంటే, మా సైట్ కట్టిన సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాని సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట ఒక టిక్కు ఉంటుంది. అది పెడితే ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దని, అంటే అక్క చెప్పిన ఆ పుస్తకంలోకి ఎక్కించొద్దని సెర్చ్ ఇంజిన్లకి చెప్పినట్టు. సైట్ తయారవుతున్నప్పుడు సగం సగం పేజీలు బయటపడకుండా పెడతారు, పని అయ్యాక తీసేయాలి. మాకు సైట్ చేసిచ్చినవాళ్లు తీయలేదు. బయట తాళం వేసుకుని చుట్టాలు రావట్లేదని బాధపడ్డట్టుంది మా వ్యవహారం. అక్క ఆ టిక్కు తీయించి, సెర్చ్ కన్సోల్‌లో మా సైట్‌ని చేర్పించి, సైట్‌లోని పేజీల జాబితా, అదే సైట్‌మ్యాప్, పంపించారు. సెర్చ్ కన్సోల్ అంటే మన సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూసుకునే చోటు, గూగుల్‌వాళ్లు ఉచితంగా ఇచ్చేదే. అది అసలు ఉందని మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. కొద్దిరోజులకు పేజీలు ఒక్కొక్కటే ఇండెక్స్‌లోకి రావడం మొదలైంది.

లింకుల కంపెనీ సంగతి ఆ తర్వాతే మాట్లాడారు. మొదటి స్థానం గ్యారంటీ ఇవ్వడం ఎవరివల్లా కాదని గూగులే చెబుతోంది. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ లెక్కలో స్పామ్, అంటే దొంగదారి. 2012లో గూగుల్ తన ర్యాంకుల లెక్కలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పుతో అలా లింకులు పోగేసుకున్న సైట్లు బాగా దెబ్బతిన్నాయి. ఇప్పుడైతే గూగుల్ అలాంటి లింకుల్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడమే ఎక్కువ. అంటే కట్టిన డబ్బు వృథా కావడం మనకి జరిగే మంచిలో మంచి. ఈ ముక్క విన్నాక ఆ కంపెనీకి నేను మళ్లీ ఫోన్ చేయలేదు.

రెండోసారి ఆపింది సైట్ మొత్తం కొత్తగా కట్టించాలనుకున్నప్పుడు. డిజైన్ పాతబడిందని నాకు ఒకటే టెన్షన్. "పాత పేజీల అడ్రసులు మారిపోతే వాటికున్న కాస్త గుర్తింపూ పోతుంది. మార్చి తీరాలంటే ప్రతి పాత అడ్రస్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి, అంటే పాతది నొక్కినవాళ్లు దానంతటదే కొత్తదానికి వెళ్లేలా చేయాలి. నీకు ఇప్పుడు ఆ పని దేనికి?" అన్నారు. నిజమే, కుట్టుపని నేర్పే ఒక సంస్థవాళ్లు ఎప్పుడో వాళ్ల సైట్‌లో మా పేజీకి లింకు ఇచ్చారు. మేం అడగలేదు, వాళ్లూ మాకు చెప్పలేదు. కొన్న వంద లింకులకంటే ఇలాంటిది ఒక్కటి మేలని అక్క అభిప్రాయం. నాదీ ఇప్పుడు అదే.

ఇక ఎంత చెప్పినా తక్కువే అనిపించేది సెర్చ్ కన్సోల్‌లో ఉండే పెర్‌ఫార్మెన్స్ రిపోర్టు గురించి. జనం ఏం కొడితే మన పేజీ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నాం అనేవన్నీ అందులో ఉంటాయి. పదహారు నెలల వరకు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. మా సైట్ నిండా "అన్ని రకాల మిషన్లకు నాణ్యమైన, నమ్మకమైన సేవలు" లాంటి వాక్యాలే. అలా ఒక్కరంటే ఒక్కరు వెతకలేదు. వెతికేవాళ్లంతా రోగం చెప్పుకుంటున్నారు. సూది మాటిమాటికీ విరుగుతోంది, పైదారం తెగుతోంది, కుట్టు మధ్యలో తప్పిపోతోంది, మిషన్ తిరగనంటోంది. రోజూ ఫోన్‌లో మేం వినేవి అచ్చంగా ఇవే.

"ఫోన్ వస్తే ఏం చెబుతావో అదే రాయి, ఒక్కో బాధకి ఒక్కో పేజీ" అన్నారు అక్క. దారం ముద్దకట్టడం గురించి మొదట రాశాను. కింద ముద్ద కనిపిస్తే అందరూ కిందిదారం చుట్టి ఉండే బాబిన్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుంది. బట్టని అదిమిపట్టే ఫుట్‌ని దించి ఉంచి దారం ఎక్కిస్తే అది దారం బిగువు చూసే టెన్షన్ బిళ్లల మధ్య సరిగ్గా కూర్చోదు. ఫుట్ పైకెత్తి మొత్తం దారం మళ్లీ ఎక్కిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. రాయడమైతే రాశాను గానీ, కిటుకు చెప్పేస్తే ఇక మనల్ని ఎవరు పిలుస్తారని ఇంట్లో చిన్న గొడవే అయింది. అక్క నవ్వేశారు. దారం ఎక్కిస్తే బాగుపడేదానికి ఎలాగూ రిపేరు అక్కర్లేదు, అలా బాగుపడని వాళ్లు దారి చెప్పినవాళ్లకే ఫోన్ చేస్తారని ఆవిడ లెక్క. ఇప్పుడు "మీరు రాసినవన్నీ చేసి చూశామండీ, కుదరలేదు" అంటూనే కాల్స్ మొదలవుతున్నాయి. మాకూ సుఖమే, చిన్నచిన్న అనుమానాలు వాళ్లే తీర్చుకుని వస్తున్నారు.

ఇంకొన్ని చిన్న పనులు. మా మొదటి పేజీ టైటిల్ "హోమ్" అని ఉండేది, దాన్ని మేం చేసే పని తెలిసేలా మార్చాం. పేజీ కోడ్‌లో చదివేవాళ్లకి కనిపించకుండా ఉండే కీవర్డ్స్ ట్యాగ్‌లో ఎవరో బోలెడు మాటలు కుక్కిపెట్టారు. ర్యాంకుకి దాన్ని వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పిందట. మ్యాప్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌లో వ్యాపారం పేరు పక్కన "బెస్ట్ రిపేర్" అని తగిలిద్దామంటే అక్క ససేమిరా అన్నారు. అసలు పేరు ఏదో అదే ఉండాలట. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇద్దామన్న మా ఆలోచననీ అంతే గట్టిగా కొట్టిపారేశారు. రివ్యూ అడగొచ్చు, దానికి బదులుగా ఏమీ ఇవ్వకూడదు.

ఇక తమ్ముడు. కాలేజీ పరీక్షలు పెట్టుకుని మా ఫొటోలతో కుస్తీపట్టిన మహానుభావుడు. ఫోన్‌తో తీసిన ఫొటోల్ని మేం అలాగే సైట్‌లోకి ఎక్కించేశాం. ఒక్కోటి కొన్ని ఎంబీలు. వాటన్నిటి సైజు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చాడు. పేజీలో పెద్దగా కనిపించే భాగం 2.5 సెకన్లలోపు రావాలన్నది గూగుల్ పెట్టిన కొలత. మేం దాని దరిదాపుల్లో కూడా లేం. వాడు పట్టుకున్న ఇంకో సంగతి నాకు ఎప్పటికీ తట్టేది కాదు. అన్ని ఫొటోలకీ ఆలస్యంగా లోడయ్యే సెట్టింగ్ పెట్టి ఉంది. కింద ఉన్నవాటికి అది మంచిదేనట, పేజీ తెరవగానే కనిపించే ఫొటోకి మాత్రం అదే శత్రువట. ఆ ఒక్క ఫొటోకీ ఆ సెట్టింగ్ తీసేస్తే తేడా కళ్లకి తెలిసింది. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు రాసిపెట్టాడు, దాంతో చదువుతుండగా పేజీ గెంతడం మానేసింది. ఇదంతా కంప్యూటర్‌లో కాదు, తన పాత ఫోన్‌లో చూసుకుంటూ చేశాడు. గూగుల్ ఇప్పుడు సైట్‌ని మొబైల్ రూపంలోనే చదువుతుంది కాబట్టి ఆ ఫోనే సరైన పరీక్ష అన్నాడు. తమ్ముడూ, నీకు ఉద్యోగం ఇచ్చేవాళ్లు అదృష్టవంతులు.

అన్నీ పైకి రాలేదు. మోటార్ల గురించి రాసిన పేజీ గూగుల్ ఫలితాల్లో రెండో పేజీ దగ్గరే తిష్ఠవేసింది. రోజూ ర్యాంకు చూసుకునే అలవాటు పట్టుకుంటే, వారానికోసారి చూడు చాలని అక్క దాన్నీ మాన్పించారు. ఫలితం తేలడానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చని గూగుల్‌వాళ్లే అంటున్నప్పుడు నా కంగారు ఎవరికి కావాలి!

అక్కా, మీరు అడిగిన ఓవర్‌లాక్ మిషన్ (బట్ట అంచులు కుట్టేది) పేజీ మొదలుపెట్టాను. ఈ వారంలో పంపిస్తాను, "నాణ్యమైన" అన్న మాట ఎక్కడైనా మళ్లీ దూరిందేమో మీరే కొట్టేయండి.