ఈ బండి ఇంతకు ముందు ఏం మోసింది? మా ఖాతాదారులకు ఒక వివరణ

మా దగ్గర బండి కొన్నవారికి, అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి ఈ మాటలు రాస్తున్నాను. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఉన్న మా షెడ్డులో వాడిన డీజిల్ బండ్లను కొని, బాగుచేసి, బండిలోనే వండుకుంటూ, పడుకుంటూ దేశం తిరగాలనుకునేవారికి అమ్ముతున్న సంగతి మీకు తెలుసు. మూడు నెలలుగా ఒక్క బండి కూడా ఎందుకు అమ్మలేదని చాలామంది అడుగుతున్నారు. బేరాలు లేక ఆపలేదు. నా వల్ల ఒక తప్పు జరిగింది, అది మళ్లీ జరగకుండా పరీక్షించే పద్ధతి మార్చుకునేదాకా అమ్మకూడదని నేనే ఆపాను.

నిరుడు మదనపల్లె నుంచి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు దంపతులకు 2014 నాటి మినీ లారీ ఒకటి అమ్మాము. ఇంజన్ నిజంగానే బాగుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫుకే అందుకుంది, పొగ లేదు, ఆయిలు మూత తీసినా ఆవిరి ఎగదన్నలేదు. ఆ సంతోషంలో కింద నల్లగా నిగనిగలాడుతున్న ఛాసిస్‌ను, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రాన్ని, టార్చి వేసి ఒకసారి చూసి సరిపెట్టుకున్నాను. వాళ్లు గోకర్ణం వెళుతూ చిత్రదుర్గం దాటాక ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర వెనుక ఎడమ వైపు పెద్ద శబ్దం వచ్చి బండి ఒక పక్కకు కూలబడింది. కమాన్ కట్టను, అంటే కుదుపులు ఆపే ఇనుప పట్టీల స్ప్రింగును, పట్టి ఉంచే బ్రాకెట్టు, తాను బిగించి ఉన్న ఛాసిస్ ముక్కతో సహా ఊడి చేతికి వచ్చింది. వేగం తక్కువ కాబట్టి ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఆ రాత్రే బయలుదేరి వెళ్లాను. మాస్టారు నన్ను తిట్టలేదు. "ఇంజనుదేం తప్పు లేదు నాయనా, దాన్ని మోసేదే లేకుండా పోయింది" అన్నారు. ఆ నల్ల పూత మీద స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడి దాకా లోపలికి పోయింది. పూత కింద ఇనుము అప్పడాల్లా పొరలు పొరలుగా లేచి ఉంది.

తర్వాత ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ బండి మొదటి యజమాని దగ్గర ఆరేళ్లు నెల్లూరు వైపు చెరువుల నుంచి రొయ్యలు మోసింది. ఐసు కరిగిన ఉప్పునీరు రోజూ పలకల సందుల్లోంచి కారి ఛాసిస్ మీద పడింది. రెండో యజమానిది వేలూరు. నేను ఆయన చిరునామా చూసి, సముద్రానికి దూరంగా తిరిగిన బండే కదా అనుకున్నాను. వాళ్ల బండిని వెనక్కి తీసుకుని, లోపల వాళ్లు చేయించుకున్న పనికి అయిన ఖర్చుతో సహా మొత్తం తిరిగి ఇచ్చాము. ఆ ఛాసిస్‌ను తుక్కు కింద కోయించాను. ఈ మూడు నెలల్లో కొత్త బండ్లు కొనడానికి మా చేతిలో డబ్బు తక్కువగా ఉండటానికి అది కూడా ఒక కారణమని దాచకుండా చెబుతున్నాను.

ఇప్పుడు మా షెడ్డుకు ఏ బండి వచ్చినా ముందు ఇంజన్ స్టార్టు చేయము. ప్రెషర్ నీళ్లతో కింద భాగం కడిగి, ఆరబెట్టి, ఛాసిస్ మీద పూత ఉంటే ఎంచుకున్న చోట్ల గీకి ఇనుము బయటపెడతాము. కమాన్ కట్టల బ్రాకెట్లు, డీజిల్ ట్యాంకు వెనుక ఉండే అడ్డపట్టీ, క్యాబిన్ కూర్చునే దిమ్మెలు, నీరు నిలిచే ప్రతి మూల చూస్తాము. చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి ఇనుము గంటలా మోగుతుంది, తిన్న ఇనుము తడిసిన చెక్కలా పలుకుతుంది. వెల్డింగు పెట్టిన చోటు కనిపిస్తే ఎందుకు పెట్టారో తేలేదాకా ఆ బండికి ధర చెప్పము. కొత్తగా వేసిన నల్ల పూత చూస్తే ఇప్పుడు నాకు అనుమానమే కలుగుతుంది. కొనేవారు కూడా పక్కన పట్టా పరుచుకుని పడుకుని చూడవచ్చు, బట్టలు మాసినా పరవాలేదనుకునేవారు తప్పక చూడండి.

అంతకంటే ముఖ్యంగా, బండి ఇంతకు ముందు ఏం మోసిందో తెలియకుండా ఇక కొనము. మన వైపు ఇది కనుక్కోవడం అంత కష్టం కాదు. దామలచెరువు మామిడి మండీలకు తిరిగిన బండి ఏడాదిలో కొద్ది నెలలే గట్టిగా పనిచేస్తుంది, కానీ ఆ కొద్ది నెలల్లో మోయవలసిన దానికంటే ఎక్కువ మోస్తుంది. అందువల్ల కమాన్ కట్టలు సాగిపోయి, వెనుక ఇరుసు గొట్టం (హౌసింగు) వంగి, టైర్లు ఒక పక్క అరిగి కనిపిస్తాయి. పాలు సేకరించే బండి రోజూ ఒకే దారిలో, ఒకే వేళకు, ఒకే డ్రైవరు చేతిలో నడుస్తుంది. రోజూ కడగడం వల్ల తొట్టి అడుగు తుప్పు పట్టినా, ఇంజను, గేరుబాక్సు నమ్మదగ్గవిగా ఉంటాయి. తొట్టి మార్చుకోవచ్చు. గ్రానైటు క్వారీల్లో తిరిగిన బండిని మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోము. ఆ దుమ్ము గాలి ఫిల్టరును దాటి లోపలికి పోయిందంటే పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇంజన్ సంగతి క్లుప్తంగానే చెబుతాను. అమ్మేవారు మనం వచ్చే ముందే ఇంజన్ వేడి చేసి పెడతారు, కాబట్టి బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, వేడిగా ఉంటే మరునాడు రండి. చలిలో కాసేపు తెల్ల పొగ వచ్చి ఆగితే పెద్దగా భయపడనక్కరలేదు. నీలి పొగ అంటే ఆయిలు కాలుతోంది. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిలు మూత తీస్తే లోపలి నుంచి పొగ ఎగదన్నుకొస్తే ఇంజన్ లోపల సిలిండర్లు అరిగి బోరు పని చేయించాల్సిన దశకు వచ్చినట్టే లెక్క. ఆ తర్వాత చంద్రగిరి మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కించి, వేడి ముల్లు ఎక్కడ ఆగుతుందో, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతున్నాయేమో చూస్తాము. తిరుమల ఘాట్‌లో ఎందుకు పరీక్షించరని ఒకరు అడిగారు. భక్తులు వెళ్లే దారిలో అనుమానపు బండిని ఎక్కించడం మాకు ఇష్టం లేదు.

ఏ బండి మంచిదని అడిగేవారికి నా అభిప్రాయం ఇది. 1986లో వచ్చిన టాటా 407 పాత రకాల్లో, మెకానికల్ పంపు ఉన్న 2,956 సీసీ ఇంజన్ బండిని దేశంలో ఏ మూలన ఆగినా అక్కడి మెకానిక్ విప్పగలడు, సామాను కూడా దొరుకుతుంది. అది నిదానంగా పోతుంది, క్యాబిన్‌లో రొద ఎక్కువ, ఇద్దరు మాట్లాడుకోవాలంటే అరవాలి. ఇసుజు వి-క్రాస్ అనే పికప్ బండి నడపడానికి ఎంతో హాయి, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఫోర్ వీల్ ఉంటుంది, సొంత వాడకపు వైట్ బోర్డు మీద దొరుకుతుంది. 2016లో శ్రీసిటీలో ఆ కంపెనీ కర్మాగారం మొదలైంది కాబట్టి అది మన జిల్లా బండి అని కొందరు మురిసిపోతారు. కర్మాగారం మన ఇంటి పక్కన ఉంటే హిమాచల్‌లోని స్పితి లోయలో ఆగిపోయినప్పుడు ఏం లాభం? 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఇంజన్ కొంతసేపు ఏకధాటిగా వేడి మీద నడవాలి. కొండల్లో మెల్లగా పోతూ, ఏసీ కోసం గంటల తరబడి నిలబెట్టి ఇంజన్ నడిపేవారికి ఆ ఫిల్టరు తరచూ మూసుకుపోతుంది. ఇక ఫోర్ వీల్ గురించి అడిగేవారిలో ఎక్కువమందికి దాని అవసరమే లేదని, ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టమని చెప్పి నేను కొన్ని బేరాలు పోగొట్టుకున్నాను.

కాగితాల విషయంలోనూ మేము ఒక మాట వెనక్కి తీసుకోవాలి. ఇదివరకు ఎల్లో బోర్డు (రవాణా) బండ్లలో మంచాలు, వంటగట్టు, సింకు శాశ్వతంగా బిగించి ఇచ్చేవాళ్లము. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. ఇల్లులా కట్టే మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. కాబట్టి ఇక నుంచి తొట్టిలో బోల్టు విప్పితే బయటికి వచ్చే పెట్టెలు, మడత మంచాలు మాత్రమే చేసి ఇస్తాము. శాశ్వతంగా కట్టించుకోవాలనుకుంటే ముందు ఆర్‌టీఓ కార్యాలయంలో అనుమతి తీసుకుని రావాలి. బండి నడుస్తుండగా గూడ్సు తొట్టిలో ఎవరూ కూర్చోకూడదు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిము దగ్గర మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఎల్లో బోర్డు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, మొత్తం బరువు 3,000 కిలోలు మించితే ఇతర రాష్ట్రాలకు పోవడానికి పర్మిట్ కూడా కావాలి. లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. 7,500 కిలోలకు మించని రవాణా బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. తమిళనాడు, కర్ణాటక బండ్లు మనకు చవకగా దొరుకుతాయి, కానీ ఆ రాష్ట్రం ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కోసం ఫారం 28, ఫైనాన్సు ఉంటే అది తీరిందని ఫారం 35, ఆపైన ఇక్కడి పన్ను అన్నీ కలిపి చూస్తే ఆ చవక చాలాసార్లు కరిగిపోతుంది. ఎన్‌ఓసీ చేతికి రానిదే ఇక ఏ పొరుగు రాష్ట్రం బండికీ అడ్వాన్సు తీసుకోము.

లద్దాఖ్ అనుకుంటున్నవారికి రెండు విషయాలు. ఒకటి, మన దారి ఢిల్లీ చుట్టుపక్కల నుంచే పోతుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడి ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ తర్వాత ఉత్తర్వులు మారుతూ వచ్చాయి. ఎన్‌సీఆర్ (జాతీయ రాజధాని ప్రాంతం) అంటే ఢిల్లీ ఒక్కటే కాదు, పానిపట్టు, కర్నాల్ కూడా అందులోవే, కాబట్టి బయలుదేరే వారంలో ఉత్తర్వు ఏముందో చూసుకునే కదలండి. రెండు, అక్కడి ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలిలో ఆక్సిజన్ మన ఊళ్లో ఉన్నదాంట్లో ఇంచుమించు సగమే. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) లేని పాత ఇంజన్ నల్లగా పొగ కక్కుతూ మొదటి గేరులో పాకుతుంది, అది చెడిపోయిందని కంగారుపడి విప్పించకండి. చలికాలంలో మామూలు డీజిల్ గడ్డకట్టి పైపుల్లో నిలిచిపోతుంది, అందుకే మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో అక్కడికి తెచ్చింది. మన తిరుపతి డీజిల్‌ను క్యాన్లలో నింపుకుని పోవద్దు.

ఈ కొత్త పరీక్షలకు పని దినాలు, కూలి పెరిగాయి కాబట్టి మా ధరలు కొంత పెరుగుతాయి. బయట చూసుకున్న బండిని తెచ్చి చూపిస్తే పరీక్షించి రాతపూర్వకంగా ఇస్తాము, ఆ బండి వద్దని మేము చెప్పినా రుసుము ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చినవారిలో ఇక వేచి ఉండలేమనుకునేవారు వచ్చి మొత్తం వెనక్కి తీసుకోవచ్చు.

ప్రస్తుతం షెడ్డులో రెండు బండ్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి పాల బండిగా తిరిగిన 407. ఛాసిస్ గట్టిగా ఉంది, తొట్టి అడుగు కొత్తగా వేయించాము, రెండో గేరు పడేటప్పుడు కొద్దిగా గరగరమంటుంది. రెండోది 2017 నాటి వి-క్రాస్. ముందు ఎడమ డోరు టింకరింగ్ జరిగింది, టర్బో పైపులో ఆయిలు తడి కనిపించింది, ఆ పని ముగిసేదాకా దానికి ధర చెప్పము. చూడాలనుకునేవారు ఉదయం ఏడు లోపు వస్తే ఇంజన్ చల్లగా ఉండగానే మీ చేతులతో స్టార్టు చేసుకోవచ్చు.