మీటరులో ఒక లెక్క, తెరమీద ఇంకో లెక్క

సంపాదకులకు నమస్కారం.

కొత్త ఆఫీసు భవనాల్లో, పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పుడు ప్రతి ఎలక్ట్రికల్ ప్యానెల్‌కూ ఒక డిజిటల్ మీటరు పెట్టి, అన్నిటినీ భవన నిర్వహణ కంప్యూటరు వ్యవస్థ అయిన బీఎంఎస్‌కు కలుపుతున్నారు. ఏసీ చిల్లర్లకు ఎంత కరెంటు కాలుతోంది, లిఫ్టులకు ఎంత, ఏ అంతస్తుకు ఎంత అని కంప్యూటరు ముందు కూర్చునే చూసుకోవచ్చు. మంచి ఏర్పాటే. అయితే తెరమీద గ్రాఫు కదలడం చూసి పని పూర్తయిందని సంతకం పెట్టేస్తున్నారు. ఆ అంకె నిజమేనా అని అడిగేవారు తక్కువ.

తప్పు చాలాసార్లు సీటీ దగ్గరే, అంటే పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతకు తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మొదలవుతుంది. 400 ఆంపియర్లను 5కు తగ్గించే 400/5 సీటీ ఉన్న ఫీడరులో (కరెంటు తెచ్చే లైనులో) 240 ఆంపియర్లు పోతుంటే మీటరులోకి వచ్చేది 3 ఆంపియర్లు. మీటరులో రేషియో 100/5గా ఉండిపోతే అది 60 అని చూపిస్తుంది. ఇంకోచోట మీటరులో రేషియో సరిగ్గానే పెట్టి ఉంటారు, బీఎంఎస్ ప్రోగ్రాం రాసినవాళ్లు మళ్లీ 80తో (400/5) గుణిస్తారు. అప్పుడు 240 కాస్తా 19,200 అవుతుంది. ఇది మొదటి రోజే దొరికిపోతుంది. నాలుగో వంతు చూపించేదే ఎవరికీ అనుమానం రాకుండా ఏళ్లు గడిపేస్తుంది. రేషియో మీటరులో ఒక్కచోటే పెట్టాలి.

ఆంపియర్లు సరిపోతే చాలనుకోకూడదు. ఆర్, వై, బీ మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉండి, ఒక సీటీ తిరగబడితే ఆంపియర్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, కిలోవాట్లు మాత్రం మూడో వంతుకు పడతాయి. వై, బీ ఫేజుల సీటీ వైర్లు తారుమారైతే మొత్తం కిలోవాట్లు దాదాపు సున్నా. అందుకే ఫేజువారీ కిలోవాట్లు చూడాలి. వైర్లు సరిచేసేటప్పుడు ఫీడరు ఆపాలి. ఆపే వీలు లేకపోతే ముందు సీటీ టెర్మినళ్లు షార్ట్ చేయాలి. లోడు మీద సీటీ సెకండరీ తెరుచుకుంటే ప్రాణం తీసేంత వోల్టేజి వస్తుంది.

ఇక మీటర్లను తెరకు కలిపే కమ్యూనికేషన్ కేబుల్. ఆర్ఎస్-485 అనే ఈ లైను ఒక మీటరు నుంచి మరో మీటరుకు దండలా సాగాలి. లైటింగు వైరింగు అలవాటున్నవాళ్లు మధ్యలో కొమ్మలు తీస్తారు, దాంతో పగలు పలికిన మీటరు రాత్రి పలకదు. మెలితిప్పిన జత, షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ను ఒక కొసనే ఎర్త్ చేయాలి. 120 ఓంల రెసిస్టరు రెండు చివర్లలోనే ఉండాలి. ఒక లైనుకు మామూలుగా 32 మీటరు పరికరాలే లెక్క. పవర్ కేబుల్ ట్రేలో దీన్ని వేయకూడదు. ఈ కేబుల్ రెండు వైర్లకు పెట్టే ఎ, బి గుర్తులు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు కనుక, మీటరు పలకకపోతే ముందు ఆ రెండు వైర్లు మార్చి చూడండి. రెండు మీటర్లకు ఒకే అడ్రసు పడినా అదే గొడవ.

మీటరు పలికాక కూడా అంకె తప్పు రావచ్చు. మీటరూ బీఎంఎస్సూ అంకెలు పంచుకునే భాష మాడ్‌బస్. మాడ్‌బస్‌లో వోల్టేజి వంటి దశాంశ విలువ మామూలుగా రెండు రిజిస్టర్లలో (అంకెలు దాచే గడుల్లో) ఉంటుంది. ఆ రెండిటి వరస తారుమారైతే సరిగ్గా 230 వోల్టులు ఉన్నచోట తెరమీద సున్నా పడుతుంది, మరో విలువకు పొంతన లేని అంకె వస్తుంది. కొందరు తయారీదారులు రిజిస్టర్లను సున్నా నుంచి, కొందరు ఒకటి నుంచి లెక్కిస్తారు. ఒక్కటి పక్కకు జరిగినా అంతా తప్పే.

యూనిట్లను మీటరులోని కిలోవాట్ అవర్ రిజిస్టరు నుంచే తీసుకోవాలి. కిలోవాట్లను బీఎంఎస్‌లో కూడుకుంటూ పోతే, నెట్‌వర్క్ పడిపోయిన గంటల వాడకం లెక్కలోకి రాదు. రిజిస్టరు చదివితే లైను తిరిగి వచ్చాక తేడా దానంతటదే తేలుతుంది.

డిస్కం మీటరు సీలు జోలికి ఎవరూ వెళ్లకూడదు. దాని పక్కన సరిచూసుకోవడానికి సొంత చెక్ మీటరు పెట్టుకోవచ్చు. హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్లు) మీద వస్తుంది కాబట్టి పోల్చేటప్పుడు ఆ రిజిస్టరే చూడాలి. గరిష్ఠ డిమాండ్‌కు డిస్కం ఎన్ని నిమిషాల సగటు తీస్తుందో చెక్ మీటరులోనూ అదే పెట్టాలి.

భవన యజమానులకు ఒక విన్నపం. వర్క్ ఆర్డరులో ఒక షరతు రాయించుకోండి: ప్రతి మీటరు దగ్గర టాంగ్ టెస్టరు (వైరును చుట్టి పట్టుకుని కరెంటు కొలిచే పరికరం) రీడింగు, మీటరు రీడింగు, బీఎంఎస్ తెరమీది రీడింగు ఒకే నిమిషంలో ఒకే కాగితం మీద నింపాలి, ఫేజువారీ కిలోవాట్లతో సహా. ఆ కాగితం చేతికి వచ్చేదాకా చివరి బిల్లు ఆపండి.

ఇట్లు,
ఒక విద్యుత్ ఇంజినీరు, హైదరాబాద్