మడిచే ట్రేలు మన మామిడికి కావాలి

సంపాదకులు గారికి,

మా విజయనగరం జిల్లాలో మామిడి సీజన్ వస్తే ప్లాస్టిక్ ట్రేలతోనే టెన్షన్. కాయలతో మార్కెట్‌కి వెళ్లిన ట్రేలు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడూ వ్యాన్‌లో అంతే చోటు తింటాయి, అంటే గాలిని మోసినందుకు కిరాయి కడుతున్నాం. పక్కలు లోపలికి మడిచే ట్రేలు బయట ఉన్నాయి, మడిస్తే ఎత్తు దాదాపు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. మా పల్లెల్లో మాత్రం కనపడవు.

నేనడిగేది ఇంకొంచెం ఎక్కువ. ఎత్తు మార్చుకునే వీలు కూడా కావాలి. పండిన సువర్ణరేఖని లోతుగా పేరిస్తే అడుగు కాయ నలిగిపోతుంది కాబట్టి గోడలు సగం ఎత్తులోనూ లాక్ అవ్వాలి, పచ్చికాయకైతే పూర్తిగా లేపుకుంటాం. ఏ ఎత్తులో ఉన్నా పై ట్రే బరువు కాయల మీద కాకుండా మూలల మీదే పడాలి, అది కుదరకపోతే మిగతాదంతా వృథా. అడుగు కొలత మామూలు 60 x 40 సెంటీమీటర్లే ఉంచాలి. మడత ట్రేలో ముందు విరిగేది కీలు, అది పోతే ట్రే మొత్తం పారేయకుండా పిన్ను మార్చుకునేలా చేయాలి.

జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం విజయనగరంలోనే ఉంది కదా, మెకానికల్ విద్యార్థులకి దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వండి. నమూనా తెస్తే మా తోటలో వాడి ఎక్కడ విరిగిందో మేమే చెప్తాం.

ఒక మామిడి రైతు,
బొబ్బిలి