భోజనశాల పప్పు గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

గత మంగళవారం మధ్యాహ్నం ఆరో తరగతి విద్యార్థి పళ్లెంలోని పప్పులో పెంకు పురుగు కనిపించిన మాట వాస్తవం. ఆ ఫోటో సాయంత్రానికల్లా మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినప్పటికీ, పాఠశాల కార్యాలయానికి మాత్రం ఒక్క ఫోన్ కూడా రాలేదు. అయినా తప్పు మాదే. మనం వాడే కందిపప్పు ఈ ప్రాంతపు రైతులు ప్రకృతి సేద్యంలో పండించి, పురుగు పట్టకుండా వేసే మందు బిళ్లలు వాడకుండా నిల్వ చేసినది కనుక త్వరగా పుచ్చుతుంది. అందుకే వారానికోసారి ఎండబోసి, చేటతో చెరిగి, వేపాకు వేసి డబ్బాల్లో పోస్తాము. ముసురు పట్టిన ఆ వారం ఎండబోయడం కుదరలేదు. జల్లెడ కూడా పట్టకుండానే వండేశారు. ఇకపై ఒక ఉపాధ్యాయురాలు చూసి సంతకం చేసిన తరువాతే పప్పు ఎసట్లో పడుతుంది.

అయితే "ఆర్గానిక్ మానేసి మామూలు సరుకే తెండి" అన్న సూచనను మాత్రం నేను అంగీకరించలేను. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ సంస్థ ఈ ప్రకృతి సేద్యాన్ని ప్రోత్సహిస్తోంది; రెండు వందల లీటర్ల నీటిలో పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి జీవామృతమనే సహజ ఎరువు చేయడం మన పిల్లలకు నోటికి వచ్చు. ప్యాకెట్ కొనేటప్పుడు సేంద్రియ ఆహారానికి ఇచ్చే జైవిక్ భారత్ గుర్తు చూడండి. రైతు నేరుగా అమ్మే సరుకుపై ఆ గుర్తు లేకపోవచ్చు కాబట్టి, ఎరువుగా ఏమి వేశారో, నిల్వ ఎలా చేశారో ఆయననే అడగండి. నల్లబెల్లం పాతదనుకుని తిప్పి పంపిన తల్లులకు ఒక మనవి: పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో తరచుగా ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు.

ఆర్గానిక్ అన్నంత మాత్రాన కళ్లు మూసుకుని వండమని కాదు. మొన్న ఊరిబిండి పచ్చడికి తెచ్చిన బుడ్డల్లో (వేరుశనగల్లో) ముడుచుకుపోయి, పచ్చటి బూజు పట్టిన గింజలను తొమ్మిదో తరగతి బి సెక్షన్ అమ్మాయి ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టి, "వేయించినా అఫ్లాటాక్సిన్ పూర్తిగా పోదక్కా" అని, ఆ బూజు వల్ల పుట్టే విషం గురించి వంటమనిషికి చెప్పిందట. ఆ మాట విన్నప్పటి నుంచి ఎదురైన వారందరికీ చెబుతూనే ఉన్నాను. కొర్రలను రెండు గంటలు నానబెట్టకపోతే అన్నం గొంతులో దిగదని కనిపెట్టిన ఏడో తరగతి బాలురను కూడా మెచ్చుకోకుండా ఉండలేను.

పురుగు గురించి ఇంతగా కలత చెందిన ఇళ్ల నుంచే, మరునాడు పదకొండు టిఫిన్ బాక్సుల్లో నూడుల్స్, నాలుగు సంచుల్లో చిప్స్ ప్యాకెట్లు వచ్చాయని సవినయంగా తెలియజేస్తున్నాను. ఉదయం హడావుడి నాకూ తెలుసు. కానీ రాత్రి మిగిలిన సంగటి ముద్దను మజ్జిగలో పిసికి ఇవ్వడానికి అయిదు నిమిషాలు చాలునని నా అనుభవం.



ఈ శనివారం ఉదయం పది గంటలకు భోజనశాల వరండాలో నెల సరుకు చెరిగే పని ఉంది. ఫోటో పంపినవారు, చూసినవారు అందరూ రావచ్చు. చేటలు మన దగ్గర రెండే ఉన్నాయి కనుక ఎవరిది వారు తెచ్చుకోగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
అనంతపురం