మామునూరు నుంచి శంషాబాద్‌కు పావుగంటేనా?

సంపాదకుడికి,

మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చిన దగ్గర్నుంచి 'శంషాబాద్ నుంచి వరంగల్‌కు పావుగంటే' అనే మాట తెగ వినిపిస్తోంది. ఆ పావుగంటలో ఏమేం కలపలేదో పాఠకులకు తెలియాలి.

దూరం ఎవరైనా కాగితం మీద కట్టుకోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం 17 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మామునూరుకు అవే 17-55, 79-36. అక్షాంశాల తేడా 41 నిమిషాలు (ఇవి గడియారం నిమిషాలు కావు, డిగ్రీలో అరవయ్యో వంతులు). డిగ్రీకి 111 చొప్పున 76 కి.మీ. రేఖాంశాల తేడా 70 నిమిషాలు. మన దగ్గర డిగ్రీకి 106 చొప్పున 124 కి.మీ. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 145. ఇంత తక్కువ దూరానికి భూమి వంపును పట్టించుకోనక్కర్లేదు. 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ ఒప్పందంలోని షరతు మామునూరుకు ఇన్నాళ్లూ అడ్డుపడింది ఇందుకే. అక్కడ లెక్క గగనతల దూరానిది. రోడ్డు మీద కొలిస్తే 150 దాటిపోతుంది. వెబ్‌సైట్లలో ఇదే దూరం 78 అని కనబడితే అవి నాటికల్ మైళ్లు, 1.852తో గుణించాలి. మామూలు మైళ్లనుకుని 1.6తో గుణిస్తే ఇరవై కిలోమీటర్లు గల్లంతవుతాయి.

ఇక సమయం. ఇలాంటి చోట్ల తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72, గంటకు 500 కి.మీ. పైచిలుకు పోతుంది. 145ను దాంతో భాగిస్తే 17 నిమిషాలు. పావుగంట పుట్టింది ఇక్కడే. కానీ ఆ వేగం పైకెక్కి నిలకడగా ఎగిరేటప్పటిది. ఈ దూరంలో ఎక్కడం, దిగడం పోగా దానికి మిగిలేది కాసిని నిమిషాలే. పైగా శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. నైరుతి గాలుల కాలంలో పడమటి ముఖంగా లేచి, ఈశాన్యాన ఉన్న వరంగల్ కోసం వెనక్కి తిరగాలి. అటునుంచి వచ్చేదానికి మాత్రం దారి దాదాపు తిన్నగా దొరుకుతుంది. చలికాలంలో తూర్పుగాలి వీస్తే ఇదంతా తారుమారు. స్టాండ్ నుంచి కదిలింది మొదలు అవతల ఆగేదాకా లెక్కించే బ్లాక్ టైమ్ ముప్పావుగంటకు తగ్గడం కష్టం. టైంటేబుల్‌లో వేసేది దాన్నే.

చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. సిటీ నుంచి శంషాబాద్ చేరడం, మామునూరులో దిగి ఊళ్లోకి వెళ్లడం ఎలాగూ ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు 132 కి.మీ.; మంచి రైలైతే రెండు గంటల్లోపే దింపేస్తుంది. శంషాబాద్‌లో దుబాయ్ విమానం అందుకోవాల్సిన వాళ్లకు ఒకే టికెట్ మీద, లగేజీ నేరుగా అక్కడికే వెళ్లేలా అయితే ఈ సర్వీసు పనికొస్తుందేమో. మిగతావాళ్లకు దండగ.

మామునూరుకు అసలు పని దక్షిణాన ఉంది. రేణిగుంట దాదాపు అదే రేఖాంశం మీద, సుమారు 475 కి.మీ. దూరంలో ఉంది. ఏటీఆర్‌కు గంటా ఇరవై నిమిషాలు వేసుకోవచ్చు. రైల్లో రాత్రంతా పడుతుంది. బెంగళూరు 560 కి.మీ., గంటన్నర. మీ విలేకరులు అధికారులను అడగాల్సింది ఈ రూట్ల గురించి, ఐఎల్ఎస్ (సరిగా కనబడనప్పుడు రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వే మీదికి దించే ఏర్పాటు) గురించి. అది పెట్టకపోతే జనవరి పొగమంచులో వరంగల్ టికెట్ కొన్నవాళ్లను కూడా శంషాబాద్‌లోనే దింపాల్సి వస్తుంది.

— ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్