వీలునామా సాక్షులు మనకంటే చిన్నవాళ్లై ఉండాలి

సంపాదకులకు,

తిరుపతి, చిత్తూరు రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర వీలునామా రాయించుకోవడానికి వచ్చేవారు ముందుగా అడిగేది ఎంత స్టాంపు కాగితం కొనాలని. వీలునామాకు స్టాంపు డ్యూటీయే లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదే, కాగితం పోయినా నకలు దొరుకుతుంది. అయితే రిజిస్టరైంది కాబట్టి ఇక తిరుగులేదనుకుంటే పొరపాటు. తగాదా వచ్చిన రోజున దాన్ని నిలబెట్టేది సాక్షే.

1925 నాటి భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 కనీసం ఇద్దరు సాక్షులుండాలంటుంది. రాయించిన మనిషి సంతకం పెట్టడం వాళ్లు కళ్లారా చూడాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆయన చెప్పగా వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. కోర్టుకెక్కితే ఆ ఇద్దరిలో ఒకరైనా బోనెక్కి ఈ సంగతి చెప్పాలి. మన దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దాయన వీలునామాకు ఆయన ఈడు స్నేహితుడొకరు, ఆఫీసు దగ్గర అప్పటికప్పుడు దొరికిన ముక్కూమొహం తెలియని మనిషొకరు సాక్షులవుతున్నారు. పదిహేనేళ్లు గడిచేసరికి ఒకరుండరు, రెండోవారి అడ్రసు దొరకదు. ఇక సంతకాలు ఫలానావారివేనని వేరేవాళ్లతో రుజువు చేయించుకుంటూ వాయిదాలు తిరగాల్సిందే. కనీసం 20 ఏళ్లు చిన్నవాళ్లను, మనల్ని బాగా ఎరిగినవాళ్లను పెట్టుకోవాలి. వాళ్ల తండ్రి పేరు, చిరునామా, ఫోన్ నంబరు కాగితంలోనే రాయాలి. మనకు వైద్యం చేసే డాక్టరే ఒక సాక్షి అయితే మతిస్థిమితం గురించి లేచే ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షులు కాకూడదు, రాయించే గదిలో కూడా లేకపోవడం మేలు. వేలిముద్ర వేసేవారికి చదివి వినిపించామని, వారికి అర్థమైందని రాయాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కనే రాయించినవారితోపాటు సాక్షులూ సంతకం చేయాలి, లేకపోతే ఆ దిద్దుబాటు చెల్లదు.

ఒక బిడ్డకు వాటా ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాయండి. ‘పెళ్లప్పుడే ఇంటిస్థలం ఇచ్చాను’ అన్న ఒక్క వాక్యం చాలు. కారణం కనబడకపోతే కోర్టు అనుమానంగా చూస్తుంది.

తాతల నాటి ఆస్తిలో మన వాటా వరకే రాయగలం. మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచే, పెళ్లయినవాళ్లతో సహా అందరికీ 2005 సెప్టెంబరు 9 నుంచి కొడుకులతో సమంగా హక్కుంది. ‘నా భార్య జీవితాంతం అనుభవించి, తర్వాత కొడుకులకు’ అన్న వాక్యం ప్రతి రెండో వీలునామాలో కనిపిస్తుంది. భరణం హక్కు కింద ఇచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణంగా దక్కుతుందని సుప్రీంకోర్టు 1977లో తులసమ్మ కేసులో తేల్చింది. అప్పుడు ‘తర్వాత కొడుకులకు’ అన్న మాట చెల్లకపోవచ్చు కాబట్టి ఆ వాక్యం రాసేముందు వకీలుతో మాట్లాడాలి.

భూమి వివరాల్లో సర్వే నంబరు ఒక్కటే సరిపోదు. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాతదీ కొత్తదీ రెండూ, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాయాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరైంది కాబట్టి పాత వీలునామాల్లోని జిల్లా పేరు కూడా చూసుకోవాలి. చివర ‘ఇక్కడ రాయని మిగిలిన ఆస్తులు ఫలానావారికి’ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి.

వ్యాపారుల ఇళ్లలో నష్టం ఇంకా వేగంగా వస్తుంది. బెల్లం మండీ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, లాడ్జి, ట్రావెల్స్ ఏదైనా ఒక్కరి పేరు మీదే నడుస్తుంటే, ఆ మనిషి పోయారని తెలిసిన వెంటనే బ్యాంకు ఆ ఖాతాను ఆపేస్తుంది. ఆయన ఇచ్చిన చెక్కులు తిరిగొస్తాయి. జీఎస్టీ ఆయన పాన్ మీదే ఉంటుంది గనుక వారసులు కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చే జమను) ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. భాగస్వామ్యమైతే, డీడ్‌లో (ఒప్పంద పత్రంలో) వేరే మాట లేనప్పుడు, 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 42 ప్రకారం ఒకరు చనిపోతే సంస్థ రద్దవుతుంది. ఇద్దరే భాగస్వాములైతే డీడ్‌లో ‘కొనసాగుతుంది’ అని రాసుకున్నా లాభం లేదు, మిగిలిన ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు. మూడో మనిషిని ఇప్పుడే చేర్చుకోవాలి. చనిపోయినవారి వాటాకు విలువ ఏ లెక్కన కట్టాలో, ఎన్ని నెలల్లో చెల్లించాలో డీడ్‌లోనే రాసుకోవాలి. వీలునామాలో ‘షాపు పెద్దోడికి’ అని రాస్తే చాలదు. సరుకు, రావలసిన బాకీలు, తీర్చవలసిన అప్పులు, అద్దె అడ్వాన్సు ఎవరివో విడివిడిగా చెప్పాలి.

బ్యాంకు నామినీ డబ్బు తీసుకుంటారు తప్ప హక్కుదారు కారు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. వీలునామాలోని పేర్లతో అవి సరిపోయేలా చూసుకోండి.

ఆడవాళ్లు వీలునామా రాయడం మన జిల్లాల్లో మరీ తక్కువ. పిల్లలు లేని హిందూ వితంతువు స్వార్జితం, వీలునామా లేకపోతే, ఆమె తల్లిదండ్రులకంటే ముందు భర్త వారసులకు వెళుతుంది. ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

వీలునామాను ఒక్కరి పేరు మీదున్న లాకర్‌లో దాచకండి. ఆ మనిషి పోయాక లాకర్ తెరిపించడమే పెద్ద పని. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఈ సౌకర్యం గురించి, సాక్షుల నిబంధన గురించి ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలని అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
సివిల్ న్యాయవాదులు, చిత్తూరు