బట్టతల మందులపై నిజం చెప్పండి

సంపాదకుడు గారికి,

మా అక్క కొడుక్కి పాతికేళ్లు. ప్రకటన చూసి అమీర్‌పేటలో ఓ క్లినిక్‌కి వెళ్లి 40 వేలు కట్టాడు. చేతికిచ్చింది పేరైనా లేని సీసా. స్నానాల గదిలో జాలీకి చిక్కిన వెంట్రుకలు రోజూ తీసి లెక్కపెట్టుకునేవాడు. "పిన్నీ, పెళ్లిచూపులకు టోపీ పెట్టుకుని వెళ్లనా?" అని అడిగిన రోజు నా కడుపు తరుక్కుపోయింది.

చివరికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బట్టతలకు వాడే మినాక్సిడిల్ ఒకప్పటి బీపీ మందేనట! తలకు రోజూ రాయాలి, ఫలితానికి నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి. మొదటి వారాల్లో జుట్టు ఇంకాస్త రాలొచ్చు, అక్కడే చాలామంది భయపడి మానేస్తారు. మానేస్తే వచ్చిన జుట్టూ పోతుంది. ఫినాస్టరైడ్ మాత్ర మగవాళ్ల బట్టతలకు 1997 నుంచి ఉంది, కానీ కొందరిలో లైంగిక సమస్యలు వస్తాయి కాబట్టి డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. పేనుకొరుకుడు వేరే జబ్బు. అది తీవ్రమైతే వాడే బారిసిటినిబ్‌కు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది.

బట్టతలలోనూ కుదుళ్ల మూలకణాలు (కొత్త కణాలను పుట్టించే కణాలు) మిగిలే ఉంటాయని 2011లోనే తేలింది. వాటిని మేల్కొలిపే పరిశోధన సాగుతోంది, నాకూ ఆశ ఉంది. అయితే ఇంకా పరిశోధన దశ దాటని వైద్యాన్ని ఇప్పుడే అమ్మేవాళ్లను నమ్మొద్దు.

జుట్టు మార్పిడి ఎవరు చేయాలో జాతీయ వైద్య కమిషన్ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. నగరంలోని క్లినిక్‌లను వైద్యాధికారులు వాటి ప్రకారం తనిఖీ చేయాలి. మీ పత్రిక కూడా ఇలాంటి ప్రకటనలు వేసుకునే ముందు డాక్టరు అర్హత అడగాలని నా విన్నపం.

- ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్